మా బర్లదా? పట్నం మోరీలదా? నీళ్లనే అడగాలి

మూసీ కాల్వల కింద వ్యవసాయం చేసే ఏ ఊరికైనా పోయి నీటి పరీక్ష కాగితం ఒకటి అడిగి చూడండి. పీహెచ్ ఇంత, బీఓడీ ఇంత, కరిగిన ఆక్సిజన్ ఇంత అని గడులు ఉంటాయి. చివర్లో ఫీకల్ కోలిఫాం అని ఒక గడి ఉంటుంది. దాని ఎదురుగా వేలల్లోనో లక్షల్లోనో ఒక అంకె. ఆ నీళ్లలో మలం కలిసిందని దాని అర్థం. ఎవరి మలం? అది మాత్రం కాగితంలో ఉండదు. మనుషులది, బర్లది, గొర్లది, కోళ్లది, కుక్కలది అన్నీ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోతాయి.

మన కొట్లాట సగం ఈ గడి దగ్గరే ఆగిపోతోంది. పోయిన యాసంగిలో మా దిక్కు జరిగిన ఒక సమావేశంలో ఊరి బోర్లలో కోలిఫాం వస్తోందని మేం కాగితాలు చూపెట్టినం. అక్కడికి వచ్చిన ఒక అధికారి వాటిని తిరగేసి, "మీ పశువులు పొద్దంతా కాల్వల్లోనే పడి ఉంటాయి, పెంటకుప్పలు గట్ల మీదనే పోస్తరు, అంతా పట్నం మీదికి నెడితే ఎట్ల?" అన్నాడు. ఆయన దగ్గర ఆ మాటకు రుజువు లేదు. కాదనడానికి మా దగ్గరా రుజువు లేదు. మీటింగు అయిపోయింది, చాయ తాగి ఎవరింటికి వాళ్లం వచ్చినం.

ఆ ఎవరి మలం అనే ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్ష ప్రపంచంలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. మన సంఘం దాన్ని గురించి తెలుసుకోవాలి, అడగాలి, అడిగేటప్పుడు దానితో వచ్చే చిక్కులు కూడా తెలిసి అడగాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఇప్పుడున్న పరీక్ష సంగతి. నీళ్లను గొట్టాల్లో పోసి, సూక్ష్మజీవులకు మేత కలిపి, 44 డిగ్రీలు దాటిన వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఏ గొట్టాల్లో గ్యాసు పుట్టిందో లెక్కబెట్టి, వంద మిల్లీలీటర్లకు ఇన్ని అని అంచనా కడతారు. నది నీళ్లలో స్నానం చేయాలంటే ఆ అంకె 500 లోపు ఉండటం మంచిది, 2500 దాటకూడదు అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గీత గీసింది. మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో 1000 లోపు ఉండాలని 2017 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. పనికిరాని పరీక్ష అని నేను అనను. చవక, పాతది, అందరికీ చేతనైంది. ఊర్లల్లో రాత్రికి రాత్రి నల్లబడే చిన్న సీసాలు ఇస్తారే, అదీ ఇటువంటి కుటుంబానిదే. నీళ్లు తాగొచ్చా లేదా అనేది అవి చెప్తాయి. దోషి ఎవరో చెప్పడం వాటి వల్ల కాదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన వంటి వేడి దేశాల్లో ఈ కోలిఫాంలు బయట మట్టిలో, కాల్వ అడుగు బురదలో కూడా చాలా రోజులు బతుకుతాయి, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. కాల్వలో బర్రె దిగి బురద కలిపితే అంకె పైకి పోతుంది. ఆ బురదలోకి అవి ఎక్కడి నుంచి వచ్చి చేరినయో ఎవరూ అడగరు. బర్రె కనబడుతుంది కాబట్టి బర్రె మీద పడతారు.

కొత్త పరీక్ష సూత్రం చెప్తాను, కష్టమేం కాదు. మనిషి పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు వేరు, నెమరు వేసే పశువు కడుపులో ఉండేవి వేరు. మన తిండి వేరు, ఒంటి వేడి వేరు, పేగుల తీరు వేరు. వేల ఏళ్లుగా ఎవరి కడుపులో బతికే జీవులు ఆ కడుపుకు అలవాటు పడ్డాయి. బాక్టీరాయిడ్స్ అనే జాతి ఒకటి ఉంది. అది గాలి తగిలితే బతకలేదు, పేగుల్లోనే దాని సంసారం. కోలిఫాం మాదిరి కాల్వ బురదలో పిల్లలు పెట్టదు. 2000లో అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో ఆన్ బెర్న్‌హార్డ్, కాథరిన్ ఫీల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ జాతి జన్యువుల్లో మనుషుల దగ్గర కనిపించే ముక్క ఒకటి, పశువుల దగ్గర కనిపించే ముక్కలు కొన్ని ఉన్నాయని చూపెట్టారు. మనుషుల ముక్కకు హెచ్‌ఎఫ్‌183 అని పేరు. నీళ్లలో ఆ ముక్క దొరికితే మనుషుల మురుగు కలిసిందని, నెమరు వేసే పశువుల ముక్క దొరికితే పెండ కలిసిందని గుర్తు. 2019లో అమెరికా పర్యావరణ సంస్థ ఈ హెచ్‌ఎఫ్‌183 పరీక్షకు అధికారిక పద్ధతి రాసి విడుదల చేసింది కూడా.

ఆ ముక్కను వెతికేది పీసీఆర్‌తో. కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష మనందరికీ గుర్తే. అది కూడా ఇటువంటిదే. నీళ్లను సన్నని జల్లెడ కాగితం మీద వడగట్టి, దాని మీద మిగిలిన దాంట్లోంచి డీఎన్‌ఏ తీస్తారు. మనం వెతికే ముక్క అందులో ఉంటే మిషను దాన్ని ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది చేసుకుంటూ పోతుంది. ఎన్ని చుట్లకు పైకి కనబడిందో చూసి, మొదట ఎంత ఉందో లెక్క కడతారు. తక్కువ చుట్లకే కనబడితే నీళ్లలో ఎక్కువ ఉన్నట్టు.

మన తెలుగువాళ్లకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. మనుషుల మురుగుకు గుర్తుగా వాడే వాటిలో ఒక మిరప వైరస్ ఉంది. మిరప, బెంగళూరు మిర్చి ఆకుల మీద పసుపు పచ్చ మచ్చలు తెచ్చే వైరస్ అది. మొక్కకు తెగులు, మనిషికి ఏమీ చేయదు. మనం తిన్న కారంతో కడుపులోకి పోయి చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. 2006లో పరిశోధకులు మనుషుల మలంలో ఏయే వైరస్‌లు ఉన్నాయని చూస్తే అన్నింటికంటే ఎక్కువ ఇదే కనబడింది, ఎండు మలం ఒక గ్రాములో వంద కోట్ల దాకా. గుంటూరు, ఖమ్మం మిర్చి తినే రాష్ట్రాల్లో ఈ గుర్తుకు కరువుండదు! కాకపోతే కోళ్ల రెట్టలోనూ ఇది అప్పుడప్పుడు కనబడింది. మిర్చి చేన్ల నుంచి పారే నీళ్లు కలిసే చోట కూడా దీన్ని ఒక్కదాన్నే నమ్మలేం. 2014లో బయటపడిన క్రాస్‌ఫాజ్ అనే ఇంకో వైరస్ కూడా ఉంది, అది మనిషి పేగుల్లోని బ్యాక్టీరియాను పట్టుకుని బతుకుతుంది. దాన్ని కూడా మురుగు గుర్తుగా వాడుతున్నారు. రెండు మూడు గుర్తులు కలిపి చూడటమే మంచి పద్ధతి. ఒక సాక్షి మాట కన్నా ముగ్గురు సాక్షుల మాట గట్టిది కదా.

ఇది మన దగ్గర అయ్యే పనేనా అని కొందరు అడుగుతారు. 2020లో హైదరాబాద్ ఉప్పల్ రోడ్డు మీదున్న సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు కలిసి నగరంలోని మురుగు శుద్ధి కేంద్రాల నీళ్లు తీసుకుని, అందులో కరోనా జన్యువును కొలిచారు. దాన్ని బట్టి నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి అప్పటికే వైరస్ సోకి ఉంటుందని అంచనా చెప్పారు. మురుగు నీళ్లలో కరోనాను లెక్కబెట్టగలిగిన నగరానికి, అదే మురుగు కింది ఊర్ల బావుల్లోకి చేరిందా లేదా చూడటం చేతకాని పని కాదు. మిషన్లు ఉన్నాయి, చదువుకున్న పిల్లలు ఉన్నారు. చేయమని చెప్పేవాళ్లే లేరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నాగోలు దగ్గరో, ప్రతాపసింగారం దగ్గరో మూసీలో ఏం పారుతుందో తెలుసుకోవడానికి జన్యు పరీక్ష అక్కర్లేదు. ముక్కు చాలు. అనంతగిరి కొండల్లో పుట్టిన నది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల దాకా వానాకాలపు నది. నగరం దాటేసరికి అది పన్నెండు నెలలూ పారే మోరి. 31 కొత్త శుద్ధి కేంద్రాలు తలపెట్టే నాటికి నగరంలో ఉన్న కేంద్రాల సామర్థ్యం రోజుకు 77.2 కోట్ల లీటర్లు. అందులో అంబర్‌పేటదే 33.9 కోట్లు. నగరంలో పుట్టే మురుగులో అది సగం కూడా కాదని జలమండలి లెక్కలే చెప్పాయి. కొత్తవాటితో ఇంకో 126 కోట్ల లీటర్ల దాకా శుద్ధి చేస్తామన్నారు. పెద్ద నది విషయంలో ముందు పరీక్షలు చేయిద్దాం, తర్వాత చూద్దాం అని ఎవరైనా అంటే అది కాలయాపనే, ఒప్పుకోవద్దు.

మరి పరీక్ష ఎక్కడ కావాలి? గొడవ ఉన్న చోట కావాలి. పిల్లాయిపల్లి కాల్వ, ధర్మారెడ్డిపల్లి కాల్వ, బునాదిగాని కాల్వ కింద చెరువులు నిండుతాయి. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లు ఊరతాయి. ఆ బోరు నీళ్లలో కోలిఫాం వస్తే అది కాల్వతో వచ్చిన పట్నం మురుగా, చెరువు కట్ట కింది కొట్టంలోని పెండా, మన ఊరి సెప్టిక్ ట్యాంకు ఊటా? మూడూ కావొచ్చు. భగీరథ నీళ్లు వస్తున్నా ఇంకా బోరు నీళ్లే వాడే ఇండ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పొలం కాడ తాగేది ఏ నీళ్లో కూడా తెలుసు.

కింది ఆయకట్టు రైతులకు ఇంకో లెక్క ఉంది. 2000 తర్వాతి పదేళ్లలో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థతో పనిచేసిన శాస్త్రవేత్తలు మూసీ వెంట నగరం నుంచి కిందికి దాదాపు 40 కిలోమీటర్లు నీళ్లను పరీక్షించారు. కత్వ తర్వాత కత్వ దాటేకొద్దీ నీళ్లు ఆగి, మడ్డి అడుగుకు దిగి, ఎండ తగిలి రోగకారక జీవులు, పురుగుల గుడ్లు బాగా తగ్గిపోయాయని తేల్చారు. నిజాం నాటి కత్వలు, మన తాతలు తవ్వుకున్న కాల్వలు పైసా ఖర్చు లేని శుద్ధి కేంద్రాల మాదిరి పనిచేశాయన్నమాట. అదే శాస్త్రవేత్తలు మురుగు పొలాల్లో చెప్పుల్లేకుండా దిగే రైతులకు కొంకిపురుగుల బెడద ఎక్కువని కూడా చెప్పారు. పట్నం దగ్గర పారా గడ్డి కోసే ఆడవాళ్ల కాళ్లకు ఉన్న ముప్పు, కింద నాట్లేసే వాళ్లకున్న ముప్పు ఒకటి కాదు. కానీ మార్కెట్లో మాత్రం అంతా ఒకటే. మూసీ వడ్లు అనగానే మొహం చిట్లించి ధర కోస్తారు. పైన యాభై కిలోమీటర్ల అవతల ఊరి వడ్లకూ అదే కోత. ఎక్కడి దాకా మనుషుల మురుగు గుర్తు గట్టిగా ఉంది, ఎక్కడి నుంచి సన్నబడింది అని ఊరూరికీ లెక్క ఉంటే ఈ దోపిడీకి జవాబు చెప్పొచ్చు. ఆకుకూరలు పండించే వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వడ్లు ఉడుకుతాయి, కొత్తిమీర పచ్చిదే తింటారు.

పశువులున్న రైతులు కొందరు ఈ మాట విని భయపడతారని నాకు తెలుసు. పరీక్షలో పెండ గుర్తు వస్తే మా పాడి ఆపుతారా, కేసు పెడతారా అని. ఆ భయానికి కెనడా నుంచి ఒక సంగతి చెప్తాను. ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న ఊరు. ఐదు వేల లోపు జనం. 2000 మే నెలలో పెద్ద వాన పడి, ఆ ఊరికి నీళ్లిచ్చే ఐదో నంబరు బావిలోకి పెండ ఊట దిగింది. నీళ్లు తాగి ఏడుగురు చనిపోయారు. దాదాపు 2300 మంది జబ్బు పడ్డారు. రోగుల్లో దొరికిన సూక్ష్మజీవుల డీఎన్‌ఏను, బావి పక్కనున్న పశువుల పొలంలోని పెండలో దొరికిన వాటితో పోల్చి చూస్తే సరిపోయింది. అంటే పరీక్ష వేలు రైతు వైపే చూపించింది.

తర్వాత జస్టిస్ డెనిస్ ఓకానర్ విచారణ జరిపి 2002లో నివేదిక ఇచ్చారు. ఆ రైతు పెండను పద్ధతి ప్రకారమే చల్లాడు, తప్పు ఆయనది కాదు అని తేల్చారు. తప్పు ఎవరిది? లోతు లేని బావిని పొలాల పక్కన పెట్టుకుని, చాలినంత క్లోరిన్ కలపకుండా, కలిపినట్టు రిజిస్టర్లో దొంగ అంకెలు రాసిన నీటి సరఫరా సిబ్బందిది. ప్రభుత్వ ల్యాబులు మూసి పరీక్షలను ప్రైవేటుకు వదిలేసి, నీళ్లు చెడిపోతే ఆరోగ్య అధికారికి చెప్పి తీరాలనే నిబంధన కూడా పెట్టని, పర్యావరణ శాఖ ఖర్చులు కోసేసిన రాష్ట్ర ప్రభుత్వానిది.

మన కోణం నుంచి దీన్ని రెండు సార్లు చదవాలి. మలం ఎవరిది అనేది ఒక ప్రశ్న. నేరం ఎవరిది అనేది ఇంకో ప్రశ్న. మొదటిదానికి ల్యాబు జవాబు చెప్తుంది. రెండోదానికి చెప్పదు, దానికి విచారణ కావాలి, ఎవరి బాధ్యత ఏమిటో చట్టం చూడాలి. ఈ రెండింటినీ కలిపేసి, కాగితం మీద పెండ గుర్తు కనబడగానే రైతు మీద పడితే అది అన్యాయం. అట్లాగే మనుషుల గుర్తు కనబడగానే పట్నం మీద పడి మన ఊరి సంగతి దాచుకుంటే అదీ చెల్లదు. మనుషుల మలం పట్నంలోనే పుట్టదు. మన ఊర్లల్లో సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్యాంకర్లు రాత్రిపూట ఎక్కడ వదిలిపెడుతున్నాయో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. పరీక్ష పెడితే అది కూడా బయటికొస్తుంది. రానియ్యండి.

ఇక పరీక్ష చిక్కులు. వీటిని చెప్పకుండా గొప్పలే చెప్తే రేపు మనమే ఇరుక్కుంటాం.

అమెరికాలోనో యూరపులోనో తయారైన గుర్తు మన దగ్గర ఉన్నదున్నట్టు పనిచేస్తుందని నమ్మకం లేదు. ఒడిశాలోని పూరీ జిల్లా పల్లెల్లో పరిశోధకులు ఈ గుర్తులను ముందు అక్కడి మనుషుల, పశువుల, కోళ్ల, కుక్కల మలం మీద పెట్టి చూశారు. మనుషులవని పేరు పడ్డ కొన్ని గుర్తులు జంతువుల మలంలోనూ కనబడ్డాయి. ఏది ఎక్కువ నమ్మదగ్గదో ఏరుకుని తర్వాతే నీళ్లను పరీక్షించారు. అట్లా చూస్తే ఆ పల్లెల్లో ఇండ్లల్లో నిలవ పెట్టుకున్న నీళ్లలో, చేతుల మీద పశువుల మలం జాడ విస్తారంగా ఉందని తేలింది. మనకు చేదుగా ఉన్నా నిజం నిజమే. మన దగ్గర ఆవుల కన్నా బర్లు ఎక్కువ, గొర్లు మేకలు లక్షల్లో ఉన్నాయి. నల్లగొండ, యాదాద్రి, సూర్యాపేట జిల్లాల బర్లు, గొర్లు, కోళ్ల మీద, మన మనుషుల మీద పరీక్షించి ఖాయం చేసిన గుర్తులనే వాడాలి. అది చేయకుండా ఎవరైనా రిపోర్టు తెస్తే మనం ఒప్పుకోనక్కర్లేదు. మనకు అనుకూలంగా ఉన్నా సరే ఒప్పుకోకూడదు, ఎందుకంటే రేపు కోర్టులో అవతలి వకీలు మొదట అడిగేది ఇదే.

ఇంకోటి. డీఎన్‌ఏ పరీక్షకు బతికిన జీవి, చచ్చిన జీవి తేడా తెలియదు. శుద్ధి కేంద్రంలో క్లోరిన్ వేసి చంపినా ఆ ముక్క కొన్నాళ్లు నీళ్లలో ఉంటుంది. కాబట్టి గుర్తు కనబడినంత మాత్రాన ఆ నీళ్లతో జబ్బు వస్తుందని కాదు. పాత కోలిఫాం పరీక్ష, కొత్త జన్యు పరీక్ష రెండూ ఒకే సీసా నీళ్ల మీద చేస్తేనే పూర్తి బొమ్మ. అట్లాగే ఈ గుర్తు రోజుల్లో కరిగిపోతుంది. ఎండాకాలం ఒక లెక్క, వాన పడ్డ మర్నాడు ఒక లెక్క. ఒక్కసారి ఒక్క సీసా తీసుకుపోయి ఊరికి సర్టిఫికెట్ ఇచ్చేస్తామంటే కుదరదు.

అన్నింటికంటే పెద్దది: ఇది మలం జాడ మాత్రమే చెప్తుంది. మందుల ఫ్యాక్టరీల రసాయనాలు, రంగుల నీళ్లు, సీసం, క్రోమియం సంగతి దీనికి తెలియదు. వాటికి వేరే పరీక్షలు ఉన్నాయి, ఉండాలి. "మలం జాడ తగ్గింది, మూసీ బాగైపోయింది" అని రేపు ఎవరైనా ప్రకటిస్తే, నురగ ఎక్కడి నుంచి వస్తోందని అడగాలి.

చట్టం మాట. నదిలోకి కాలుష్యం వదలొద్దని 1974 నీటి చట్టం చెప్తుంది. పాడు చేసినవాడే నష్టం కట్టాలనే సూత్రాన్ని 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు దేశ చట్టంలో భాగం అన్నది. 2010 హరిత ట్రిబ్యునల్ చట్టంలో అదే సూత్రం రాసి ఉంది, నష్టపరిహారం అడిగే దారి కూడా ఉంది. ఇన్ని ఉన్నా కింది ఊరి రైతు పరిహారం అడగబోతే, నీ బోరు చెడిపోయింది నిజమే కానీ అది ఫలానా వాళ్ల వల్లనే అని రుజువు చెయ్ అంటారు. అక్కడే ఇన్నాళ్లూ మన నోరు మూతపడుతోంది. నా మట్టుకు నేను ఈ పరీక్షను కోరేది ముఖ్యంగా ఇందుకే.

కానీ ఇదే పరీక్షను మన మీదికి తిప్పే వాళ్లు కూడా ఉంటారు. నగరంలో ఆరోగ్యం పేరు చెప్పి, పారా గడ్డి మీద నిషేధం పెట్టండి, మూసీ ఆకుకూరలు రానివ్వకండి అనడం సులువు. ఆ గడ్డి మీద బతికే కూలీ ఆడవాళ్లు, ఆ గడ్డి మేసే పశువుల పాలు తాగే పట్నం ఇండ్లు ఎవరి లెక్కలోకీ రావు. మురుగును మన పొలాల్లోకి పంపింది నగరం, ఆ నీళ్లతో పండించినందుకు శిక్ష రైతుకా? బదులు నీళ్లు చూపించకుండా, పంట మార్చుకోవడానికి సాయం చేయకుండా, ఏ ఫలితం ఆధారంగానూ సాగు ఆపకూడదని మన డిమాండ్లలో మొదటి వాక్యంగా రాసుకోవాలి. ఆ వాక్యం లేకుండా పరీక్షలు అడగడానికి నేను ఒప్పుకోను.

2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. ప్రక్షాళన చేస్తామన్నారు. మంచిదే, చేస్తే మనకంటే సంతోషించేది ఎవరు? కానీ చేసిందీ లేనిదీ కొలిచేది ఎట్లా? నగరంలో కట్టిన పార్కులతోనా, సంగెం కాల్వలో నీళ్లతోనా? కొత్త శుద్ధి కేంద్రాలు నిజంగా నడుస్తున్నాయా, కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి రాత్రిపూట బైపాస్ గేటు ఎత్తుతున్నారా అనేది నగరం దిగువన నెలనెలా రెండు పరీక్షలూ కలిపి చేస్తే బయటపడుతుంది. చచ్చిన గుర్తు, బతికిన కోలిఫాం రెండూ ఎక్కువగా వస్తే శుద్ధి జరగలేదని అర్థం. గుర్తు ఉండి కోలిఫాం తగ్గితే క్లోరిన్ అయినా వేస్తున్నారని అర్థం. రెండూ తగ్గితే పని జరుగుతోందని ఒప్పుకుందాం.

ఖర్చు రైతు పెట్టుకోడు. మురుగు వదిలే జలమండలి, దాన్ని అదుపు చేయాల్సిన కాలుష్య నియంత్రణ మండలి పెట్టుకోవాలి. పరీక్ష మాత్రం వాళ్ల ల్యాబుల్లో కాకుండా యూనివర్సిటీ లేదా సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థలో జరగాలి. నీళ్లు తీసేటప్పుడు ఊరి రైతులు ఇద్దరు, గ్రామ పంచాయతీ మనిషి ఒకరు పక్కన ఉండాలి. సీసా మీద అందరి సంతకాలు పడాలి. నీళ్లను ఐస్ డబ్బాలో పెట్టి ఆరు గంటల లోపు ల్యాబుకు చేర్చాలి, లేకుంటే ఫలితం నమ్మేది కాదు. వలిగొండ, పోచంపల్లి, రామన్నపేట నుంచి అది అసాధ్యం కాదు, పాల వ్యాను రోజూ పోయే దూరమే. ఫలితం తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి, బోర్డులో ఒక కాపీ దాచుకుని ఇంకో కాపీ ఢిల్లీకి పంపడం కాదు.

వచ్చే నెల జిల్లా కమిటీలో ఈ తీర్మానం పెడుతున్నాను. అప్పటికి మూడు కాల్వల కింది గ్రామ కమిటీలు ఒక పని చేసి రావాలి. మీ ఊర్లో జనం తాగే లేదా పొలం కాడ వాడే బోర్లు, బావులు ఎన్ని, కాల్వకో చెరువుకో ఎంత దూరం, ఎంత లోతు, దగ్గరలో పశువుల కొట్టాలు ఎక్కడున్నాయి, సెప్టిక్ ట్యాంకర్లు ఎక్కడ పారబోస్తున్నాయి అని ఒక నోటుబుక్కులో రాసుకుని రండి. యజమాని ఒప్పుకున్న బోర్లకు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టండి. మొదటి సీసాలు ఏ బోర్ల నుంచి నింపాలో ఆ టిక్కులను చూసే తేలుస్తాం.